నల్లమలలో పులి ఉంటే నల్గొండకు ఏం లాభం?

ఈ ఎపిసోడ్ ఒక తిట్టుతో మొదలైంది. ఆ తిట్టు తిన్నది నేనే.

పోయిన నెల మా మేనమామ వాళ్ల ఊరికి పోయిన. నల్గొండ జిల్లా, దేవరకొండ పక్క. రాత్రి అన్నం తిని అరుగు మీద కూర్చున్నాం. "మామా, అమ్రాబాద్ పులుల అడవి మీద వీడియో చేస్తున్నా" అని చెప్పిన. ఆయన రెండు చేతులతో మోకాలు పట్టుకుని మెల్లగా కాలు చాపుకున్నాడు. ఆయనవి ఫ్లోరైడ్ మోకాళ్లు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన మోకాళ్లు. కాలు చాపుకున్నాక నా దిక్కు చూసి ఇట్లా అన్నాడు:

"ఏమ్రా అల్లుడా, ఆ పులి మనకేం పెడ్తది? దాని పేరు జెప్పే సొరంగం ఆగె, నీళ్లు ఆగె. దాన్ని సూసినోడు ఒక్కడు లేడు గని, దాని పేరు జెప్పి మనల్ని ఆపెటోళ్లు మాత్రం మస్తుమంది ఉన్నరు."

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా రాసుకున్న స్క్రిప్ట్‌లో జలపాతాలు, సఫారీ, టికెట్టు ధర ఇవే ఉన్నాయి. ఆ స్క్రిప్ట్ పక్కన పెట్టేశాను. ఇవాళ మనం చూడబోయేది మామ అడిగిన ప్రశ్నకు జవాబు. ఆయన మాటలో నిజం ఉంది, అది కూడా దాచకుండా చెప్తాను.

ముందు ఈ అడవి ఎక్కడుందో చూద్దాం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే ఆమనగల్లు, డిండి, హాజీపూర్ దాటినాక మన్ననూరు వస్తుంది. అక్కడ అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంటుంది. ఆ గేటు దాటితే ఫోన్ సిగ్నల్ పోతుంది, చెట్లు దగ్గరికొస్తాయి. మనం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి వచ్చినట్టే. మొత్తం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పాత జీహెచ్ఎంసీ 650 చదరపు కిలోమీటర్లు. అంటే నాలుగు హైదరాబాద్‌లు పక్కపక్కన పెడితే ఎంతో, ఈ అడవి అంత. ఎక్కువ భాగం పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. మిగతాది మన నల్గొండ జిల్లాలో, దేవరకొండ, చందంపేట దిక్కు.

నల్లమల అంటే నల్లని కొండలు. 'మల' అంటే కొండ అనే. ఈ కొండల మధ్యలో కృష్ణా నది లోతైన లోయ కోసుకుంటూ పోతుంది. నదికి దక్షిణాన ఉన్న నల్లమల ఆంధ్రప్రదేశ్‌ది, ఉత్తరాన ఉన్న నల్లమల మనది. ఒకప్పుడు రెండూ కలిపి ఒకటే అభయారణ్యం. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లోకి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక అడవినీ పంచుకున్నారు. 2015లో మన వైపు ముక్కకు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అని పేరు వచ్చింది. పంపకం కాగితం మీదనే. పులికి ఈత బాగా వచ్చు, సరిహద్దు గురించి దానికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సఫారీ సంగతి. మన్ననూరు దాటాక ఫరహాబాద్ అని ఒక చోటు ఉంది. ఫరహ్ అంటే పారసీలో సంతోషం. నిజాం కాలంలో దొరలు వేటకు, చల్లగాలికి వచ్చే చోటు ఇది. ఇప్పుడు అక్కడికి అటవీ శాఖ జీపులో తీసుకుపోతారు. మా జీపుకు గైడుగా వచ్చినాయన చెంచు. పేరు చెప్పొద్దన్నాడు, అన్న అని పిలుస్తాను.

మూడు గంటలు తిరిగాం. పులి కనపడలేదు. దుప్పులు కనిపించాయి, ఒక మనుబోతు కనిపించింది, చెట్టు మీద బెట్టుడుత కనిపించింది. నా ముఖం చూసి అన్న జీపు ఆపించాడు. దారి పక్కన మెత్తటి మట్టిలో ఒక అడుగు చూపించాడు. "పొద్దుగాల్నే పోయింది. మగది" అన్నాడు. "మగదని ఎట్లా తెలుసు?" అని అడిగిన. మగపులి అడుగు వెడల్పుగా, ఇంచుమించు చతురస్రంగా పడుతుందట, ఆడదానిది కొంచెం పొడుగ్గా ఉంటుందట. ఆ తర్వాత ఒక మాటన్నాడు. "మీరు దాన్ని సూడలే. అది మాత్రం మనల్ని సూసే ఉంటది."

మామ అన్నాడు గదా, చూసినోడు ఒక్కడు లేడని. మరి చూడకుండా లెక్క ఎట్లా పెడతారు? ఈ భాగం కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే పులుల లెక్క మీద మనకు చాలా అపోహలు ఉన్నాయి.

పాత రోజుల్లో పాదముద్రల అచ్చులు తీసి లెక్కపెట్టేవాళ్లు. అందులో తప్పులు ఎక్కువ. ఒకే పులి తడి మట్టిలో ఒక రకంగా, పొడి మట్టిలో ఇంకో రకంగా అడుగు వేస్తుంది. ఇప్పుడు కెమెరా ట్రాప్‌లు వాడుతున్నారు. అడవిని రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, జంతువులు నడిచే దారుల్లో దారికి రెండు వైపులా ఒక్కో కెమెరా కడతారు. ఏదైనా కదిలితే ఫొటో పడుతుంది. రెండు వైపులా ఎందుకు? పులి చారలు మన వేలిముద్రల లాంటివి, ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. అంతేకాదు, ఒకే పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు కూడా వేరే. ఒక పక్క ఫొటోనే ఉంటే ఒకే పులిని ఇద్దరుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

2018 నాటి దేశవ్యాప్త లెక్కలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. వచ్చిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షలకు పైనే. అందులో పులులవి 76,651. అంటే వెయ్యి ఫొటోలు చూస్తే రెండింటిలో పులి. మిగతావన్నీ దుప్పులు, అడవి పందులు, పశువులు, కట్టెలకు పోయే మనుషులు, గాలికి ఊగిన గడ్డి. ఇన్ని ఫొటోలు మనుషులు కూర్చుని చూడలేరు గాబట్టి, ముందు ఏ జంతువో వేరు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి, తర్వాత చారలు పోల్చి ఏ పులో చెప్పే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి. నేను కోడ్ రాసి బతికిన రోజుల్లో ఇట్లాంటి పని ఒక్కటి దొరికి ఉంటే ఉద్యోగం మానేసేవాణ్ని కాదేమో.

సరే, కెమెరాకు చిక్కని పులుల సంగతి? దానికి ఒక చిన్న లెక్క ఉంది. మన ఊరి చెరువులో చేపలు ఎన్ని ఉన్నాయో తెలియాలి అనుకోండి. ఒక రోజు వల వేసి 10 చేపలు పట్టి, గుర్తు పెట్టి వదిలేశారు. తర్వాత ఇంకో రోజు వల వేస్తే 8 పడ్డాయి. వాటిలో 4 గుర్తు ఉన్నవి. అంటే రెండోసారి పడ్డవాటిలో సగం పాతవే. అంటే మొదటి రోజు మనం పట్టిన 10, మొత్తం చేపల్లో సగం అయి ఉండాలి. మొత్తం 20. పులుల లెక్కకు మూలం ఇదే. గుర్తు మనం పెట్టక్కర్లేదు, పుట్టుకతోనే చారలు ఉన్నాయి. అసలు పద్ధతి దీనికంటే చాలా క్లిష్టం, ఏ పులి ఏ కెమెరా దగ్గర ఎన్నిసార్లు పడింది అన్నది కూడా చూస్తారు. కానీ ఆలోచన ఇదే.

అందుకే పేపర్లో వచ్చే సంఖ్యను ఓటరు జాబితా లాగా చూడొద్దు, అది ఒక అంచనా. దేశంలో 2006లో 1,411 పులులు అన్నారు, 2018లో 2,967, 2022లో సగటు అంచనా 3,682. దేశం మొత్తం మీద పెరుగుతున్నాయి. మన తెలంగాణలో మాత్రం 2018లో 26 అన్నది 2022లో 21 అయింది. ఐదు పులులు చచ్చిపోయాయి అని దీనికి అర్థం కాదు. ఉత్తరాన కవ్వాల్ అడవికి మహారాష్ట్ర నుంచి పులులు వస్తుంటాయి, పోతుంటాయి. దక్షిణాన అమ్రాబాద్‌కు కృష్ణ అవతలి అడవితో సంబంధం. ఈ రెండు అడవుల మధ్యలో మాత్రం దారి లేదు. మధ్యలో ఉన్నది మనం, మన పొలాలు, మన రోడ్లు.

ఇప్పుడు మామ ప్రశ్నకు దగ్గరికి వద్దాం. పులి ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?

ఒక పులి వారానికి ఒక పెద్ద జంతువును తింటుంది అనుకుంటే, ఏడాదికి దాదాపు 50. ఉన్న జింకల్లో పదో వంతు కంటే ఎక్కువ తింటే వాటి సంతతి నిలబడదు. కాబట్టి ఒక్క పులి బతకాలంటే చుట్టూ 500 దాకా దుప్పులు, కణుతులు, పందులు ఉండాలి. 500 జింకలు ఉండాలంటే గడ్డి ఉండాలి, ఎండాకాలంలో నీటి చెలమలు ఉండాలి, కార్చిచ్చు అదుపులో ఉండాలి. నల్లమల ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి వచ్చేసరికి నేలంతా ఎండుటాకులే. ఒక్క బీడీ ముక్క చాలు. కాబట్టి పులి ఉంది అంటే ఇవన్నీ కుదిరాయి అని అర్థం. పులిని నేను ఆడిట్ రిపోర్టు అంటాను. అడవి బాగుందో లేదో చెప్పడానికి వంద పరీక్షలు పెట్టక్కర్లేదు, ఈ ఒక్కటి పాసైతే చాలు.

అడవి బాగుంటే మనకేంటి? ఇక్కడ పటం ఒకసారి చూడండి. అమ్రాబాద్ అడవికి పైన శ్రీశైలం జలాశయం, కింద నాగార్జునసాగర్ జలాశయం. రెండింటి మధ్యలో కృష్ణ ఒడ్డున ఉన్నది ఈ కొండలే. సాగర్ నీళ్లే అక్కంపల్లి రిజర్వాయరుకు ఎక్కి, అక్కడి నుంచి హైదరాబాద్ నల్లాల్లోకి పోతున్నాయి. నల్గొండ ఇంటింటికీ ఇప్పుడు వస్తున్న కృష్ణా నీళ్లు కూడా ఈ నదివే. ఒక మాట ఒప్పుకోవాలి. కృష్ణలో నీళ్లు నల్లమల వల్ల వస్తున్నవి కావు, ఎక్కువ భాగం పడమటి కనుమల వానలు. నల్లమల చేసే పని వేరే. ఆ నీళ్ల ఒడ్డును కాపాడుతుంది. కొండల మీద చెట్టు, గడ్డి ఉంటే వాన నీళ్లు మెల్లగా దిగుతాయి. లేకపోతే మట్టితో సహా జలాశయంలోకి జారుతాయి. పూడిక వస్తే డ్యాములో పట్టే నీళ్లు తగ్గుతాయి.

ఇది పుస్తకాల్లో ఉండే జవాబు. మామకు ఇది సరిపోదని నాకు తెలుసు. ఆయనకు నచ్చే జవాబు భూమి లోపల ఉంది.

మన నల్గొండ నేల గ్రానైట్. కోట్ల ఏళ్ల నాటి రాయి. ఆ రాయిలో ఫ్లోరైడ్ ఉంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు ఆ రాయితో అంత ఎక్కువ కాలం కలిసి ఉంటాయి, ఫ్లోరైడ్ అంత దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు అంటారు. మన దగ్గర చాలా ఊర్లలో అంతకు ఎన్నో రెట్లు తాగారు. పళ్లు గారబట్టాయి, నడుములు వంగాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతిని ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఏమని పిలుస్తారో తెలుసా? 'నల్గొండ టెక్నిక్'. మన జిల్లా పేరు ఒక జబ్బు వల్ల ప్రపంచానికి తెలిసింది.

నల్గొండ నుంచి కృష్ణ దిక్కు పోతుంటే ఈ గ్రానైట్ మీద ఇంకో రాయి మొదలవుతుంది. దాన్ని శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు. నల్లమల కొండల మీద బల్లపరుపుగా కనిపించే గట్టి రాతి పొర ఇదే. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్. ఈ రెండూ కలిసే అతుకు దగ్గర ఏముందో తెలుసా? యురేనియం.

నల్గొండ జిల్లాలో పెద్ద అడిశర్లపల్లి మండలం లంబాపూర్, పెద్దగట్టు. సాగర్ జలాశయానికి పక్కనే. అక్కడ గని తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ వచ్చింది. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం గట్టిగా వద్దన్నారు. గని నేటికీ మొదలు కాలేదు. తర్వాత చూపు అమ్రాబాద్ మీద పడింది. రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు వేసి యురేనియం ఎంతుందో చూస్తామని అణు ఖనిజాల సంస్థ అడిగింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. ఆ వానాకాలం గుర్తుందా? సేవ్ నల్లమల అని ఊరూవాడా లేచింది. అమ్రాబాద్ మండలంలో చెంచులు, రైతులు రోడ్డు మీద కూర్చున్నారు. సినిమావాళ్లు, విద్యార్థులు అందరూ మాట్లాడారు. చివరికి 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది, నల్లమలలో యురేనియం వద్దని.

ఇక్కడ ఒక ప్రశ్న. ఒక మామూలు గుట్ట అయితే ఇంత జరిగేదా? బోరు బండి వచ్చి తవ్వుకుని పోయేది. ఇది టైగర్ రిజర్వ్ కాబట్టి రాష్ట్ర వన్యప్రాణి బోర్డు, కేంద్ర కమిటీ, ఇట్లా ఒక్కో గడప దాటాలి. ఒక్కో గడప దగ్గర కాగితం బయటికి వస్తుంది. కాగితం బయటికి వస్తే జనానికి తెలుస్తుంది. జనానికి తెలిసేంత సమయం దొరికింది అంటే, ఆ సమయం ఇచ్చింది పులి. మామా, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లాకు ఇంకో విషం తోడవుతుందేమోనన్న భయం ఉన్నప్పుడు, కనపడని ఆ పులే మన గేటు దగ్గర కూర్చుంది.

కానీ కథ ఇక్కడ ఆపేస్తే నేను మోసం చేసినట్టు. ఎందుకంటే ఆ గేటు అడవిలో ఉన్నవాళ్ల మీద కూడా పడుతుంది.

చెంచులు. ఈ అడవిలో పులి ఎంత పాతదో వాళ్లూ అంత పాతవాళ్లు అనిపిస్తుంది. వాళ్ల ఊర్లను పెంటలు అంటారు. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, ఇట్లా. తేనె, జిగురు, కుంకుడు కాయ, సారపప్పు, ఇప్పపువ్వు తెచ్చి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త ఈ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, శత్రుదేశపు పాస్‌పోర్టు అని బ్రిటిష్ వాళ్లు ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటనివ్వలేదు. ఆయన భార్యతో కలిసి చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. ఆ రోజుల్లోనే నిజాం సర్కారు చెంచుల కోసం అడవిలో దాదాపు లక్ష ఎకరాలు ప్రత్యేకంగా కేటాయించింది. ఎనభై ఏళ్ల కిందే ఒక సర్కారు, ఈ అడవి వీళ్లది కూడా అని కాగితం మీద ఒప్పుకుంది.

ఇప్పుడు చట్టం ఏమంటుంది? పులుల కీలక ప్రాంతం నుంచి బయటికి రావాలనుకుంటే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. బలవంతం చేయకూడదు, గ్రామసభ ఒప్పుకోవాలి, ముందు 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కులు తేల్చాలి. కాగితం మీద బాగానే ఉంది. అన్నను అడిగిన, నువ్వు పోతావా అని. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నా బిడ్డకు బడి కావాలె, రాత్రి జరమొస్తే దవాఖాన కావాలె. అవి ఆడున్నయి. మా లింగమయ్య ఈడున్నడు. తేనె ఈడున్నది. పైసలు బ్యాంకుల ఏస్తరంట. పైసలు అయిపోయినంక తేనె ఏ చెట్టుకు ఉంటది సార్?" అన్నాడు.

పోవాలనుకునే కుటుంబాలు ఉన్నాయి, వాళ్లను తప్పు పట్టలేం. ఉండాలనుకునే కుటుంబాలు ఉన్నాయి, వాళ్లను అడవికి అడ్డం అనలేం. ఈ అడవిలో కార్చిచ్చు ఎక్కడ అంటుకుందో మొదట పసిగట్టేది, బేస్ క్యాంపుల్లో ఉండి కాపలా కాసేది, నాకు ఆ అడుగు చూపించింది చెంచులే. అన్నకు తెలిసిన విద్య ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. ఆయన బయటికి వచ్చి కూలికి పోతే ఆ విద్య ఒక తరంలో పోతుంది. పులిని కాపాడే పద్ధతిలో ఈ నష్టాన్ని లెక్కలో రాయాలి గదా? నాకు తెలిసి ఇది ఎక్కడా రాయట్లేదు.

ఇక మామ అన్న అసలు మాట. సొరంగం.

ఎస్‌ఎల్‌బీసీ. శ్రీశైలం ఎడమ గట్టు కాలువ. నల్గొండలో పుట్టిన ఎవరైనా చిన్నప్పటి నుంచి వింటున్న పేరు. శ్రీశైలం జలాశయం దగ్గర దోమలపెంటలో నీళ్లు తీసుకుని, కొండ కింద నుంచి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగంలో నడిపించి, మోటార్లు లేకుండా నల్గొండకు తేవాలి. మూడు లక్షల ఎకరాలకు పైగా సాగునీరు, ఫ్లోరైడ్ ఊర్లకు తాగునీరు. మామూలుగా ఇంత పొడుగు సొరంగం తవ్వితే మధ్యమధ్యలో పక్క నుంచో పైనుంచో దారులు చేస్తారు, నాలుగైదు చోట్ల ఒకేసారి పని జరుగుతుంది. ఇక్కడ పైన టైగర్ రిజర్వ్. మధ్యలో దారులకు వీల్లేదు. అందుకే రెండు చివరల నుంచి రెండు పెద్ద యంత్రాలతో తవ్వాలని నిర్ణయించారు. ఒక యంత్రం ఆగితే ఆ వైపు పని మొత్తం ఆగినట్టే. ఆగింది, మళ్లీ మళ్లీ ఆగింది. ఏళ్లు గడిచాయి.

2025 ఫిబ్రవరి 22 పొద్దున దోమలపెంట వైపు దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, బురద ముంచెత్తాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి పనికొచ్చిన ఇంజనీర్లు, ఆపరేటర్లు, కూలీలు. సైన్యం వచ్చింది, కేరళ నుంచి కుక్కలు వచ్చాయి, రోబోలు వచ్చాయి. వారాల తరబడి వెతికితే రెండు మృతదేహాలే దొరికాయి. మన నల్గొండ నీళ్ల కోసం వచ్చిన మనుషులు వాళ్లు. వాళ్ల ఊర్లలో ఎవరికీ మన ఊర్ల పేర్లు కూడా తెలియవు.

మధ్యలో ఇంకో దారి ఉంటే? పని తొందరగా అయ్యేదేమో, లోపలివాళ్లకు బయటపడే ఇంకో మార్గం ఉండేదేమో. ఈ వాదనను నేను కొట్టిపారేయను. పులి కోసం మనం కట్టిన ధరలో ఇది కూడా ఉంది. ఒప్పుకోవాలి.

అయితే ఒక్కటి చెప్తా. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక పాఠం నేర్చుకున్నా. ప్రాజెక్టు మొదటి రోజే చెప్పిన నిబంధన మీద ఆఖరి రోజు నెపం పెట్టకూడదు. పైనుంచి దారి చేయకూడదు అన్న సంగతి యంత్రం కొనకముందే అందరికీ తెలుసు. తెలిసినప్పుడు రాయి ఎక్కడ బలహీనంగా ఉంది, నీళ్లు ఎక్కడ ఊరుతున్నాయి అన్నది మామూలు కంటే పదింతలు జాగ్రత్తగా చూడాలి. ఒకటే దారి ఉన్నప్పుడు ఆ ఒక్క దారిలో మనిషి ప్రాణానికి భద్రత రెట్టింపు చేయాలి. ఆ పని పులిది కాదు. పులి పేరు చెప్తే మనుషుల తప్పులు దాక్కుంటాయి. మామను ఆపింది పులి పేరే, పులి కాదు.

మొన్న ఆదివారం మళ్లీ పోయి ఇదంతా మామకు చెప్పిన. అరుగు మీదనే. యురేనియం దగ్గర ఆయన తల ఊపాడు, పెద్దగట్టు సంగతి ఆయనకు నాకంటే బాగా గుర్తుంది. సొరంగం దగ్గర చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఆఖరికి, "అయితే పులి ఉండనీ. నీళ్లు గుడ రానీ. రెండు గావాలంటే తప్పేంది?" అన్నాడు.

తప్పేం లేదు మామా. ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పాలనుకున్నది నువ్వు ఒక్క ముక్కలో చెప్పినవ్.

చివరగా, మీరు అమ్రాబాద్ పోవాలనుకుంటే నాలుగు మాటలు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి రోడ్డు మూసేస్తారు. గేటు దగ్గర గొడవ పెట్టుకోవద్దు, రాత్రిపూట రోడ్డు దాటేవి జంతువులు. వానాకాలం మూడు నెలలు సఫారీ ఉండదు, జూలై నుంచి సెప్టెంబరు చివరిదాకా. ప్లాస్టిక్ సీసాలు ఇంట్లోనే వదిలేయండి. సలేశ్వరం జాతరకు పోయేవాళ్లు చైత్ర పౌర్ణమి ఎండల్లో పోతారు, అగ్గిపెట్టె తీసే ముందు కింద ఎండుటాకులు చూడండి. కోతులకు తిండి వేయొద్దు, అవి రోడ్డు మీదికి అలవాటు పడి బండ్ల కింద చస్తున్నాయి. పులి కనపడకపోతే బాధపడొద్దు. గైడును అడుగు చూపించమనండి, దాని గురించి ఆయన్ని మాట్లాడనివ్వండి. మీ టికెట్టు డబ్బులు ఆ మాటల్లోనే వసూలైతయి.

మీ ఊరి నీళ్ల కథ, మీ ఊరి గుట్ట కథ ఉంటే నాకు రాయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.